మంజీర ఒడ్డున పురుగుల సార్

ఆయన పోయిన ఇరవై రోజులకు ఆయన భార్య మా స్టూడియోకు వచ్చారు. ఫిల్మ్ నగర్‌లో ఒక పాత ఇంటి సెల్లారులో ఉంటుంది మా స్టూడియో. బయట బోర్డు కూడా లేదు. ఆమె ఎర్రగడ్డ నుంచి రెండు ఆటోలు మారి, దారిలో నలుగురిని అడిగి, చేతిలో కూరగాయల సంచీతో మెట్లు దిగారు. మార్కెట్‌కని బయల్దేరి ఇటు వచ్చేశారట. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి, సంచీ కాళ్ల దగ్గర పెట్టుకున్నాక అసలు సంగతి చెప్పారు.

"ఆయన మాట ఏమన్న ఉన్నదా బిడ్డ మీ కాడ? సప్పుళ్లన్ని దాస్తరంట గద మీరు."

ఫొటోలు ఇంట్లో ఉన్నాయట. పెళ్లి వీడియోల్లో మనిషి కనపడతాడు గానీ బ్యాండు మోతలో గొంతు వినపడదట. ఫోన్‌లో మాటలు రికార్డు చేసి పంపే అలవాటు ఆయనకు లేదు. "ఫోన్ల మాట్లాడినం, పెట్టేసినం. అది ఎవలు దాస్తరు?" అన్నారామె. చేతిలోని గ్లాసు పక్కన పెట్టి, "మొఖం యాదికొస్తుంది. మాట యాదికి వస్తలేదు బిడ్డ. వారం రోజుల సంది గట్లనే ఉన్నది" అన్నారు.

"తప్పకుండా ఉంటుందమ్మా, ఇప్పుడే చూస్తాను" అన్నాను. అనేశాక గుర్తొచ్చింది. ఆయన గొంతు మా దగ్గర కొన్ని వందల చోట్ల ఉండేది. అదంతా కోసి పారేసింది నేనే.

ఎందుకు కోశానో చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి.

షూటింగులో మాటలు తప్ప మిగతా చప్పుళ్లు సరిగ్గా అందవు. అందుకని తెర మీద బొమ్మ చూస్తూ ఆ అడుగులు, తలుపులు, గాజులు, చీర కుచ్చిళ్ల రాపిడి ఒక గదిలో మళ్లీ చేసి రికార్డు చేస్తారు. మా స్టూడియోలో అవన్నీ చేసే మనిషి ఆయన. ఆయన చేసిన చప్పుళ్లను సరైన చోట అతికించే మనిషిని నేను. ముప్పై ఏళ్లుగా మన తెర మీద నడిచినవాళ్లలో చాలామంది ఆయన కాళ్లతోనే నడిచారు. హీరోలు నడిచారు, విలన్లు నడిచారు, పోలీసులు గుంపుగా పరిగెత్తారు. గోనె సంచీ నిండా చెప్పులూ బూట్లూ ఉండేవి. అరవై ఏళ్ల మనిషి లుంగీ ఎగ్గట్టి, హీరోయిన్ ఎత్తు మడమల చెప్పులు వేసుకుని, నాపరాయి మీద టకటకా నడుస్తుంటే కొత్తవాళ్లు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తేవాళ్లు. ఆయన మాత్రం నవ్వేవారు కాదు. "ఈమె ఎడమ కాలు జర బరువుగ ఏస్తది" అని మళ్లీ మొదటి నుంచి నడిచేవారు.

నడకలన్నిటికీ ఆయన దగ్గర ఒక లెక్క ఉండేది, అదీ పురుగుల లెక్క. ఒక పెద్ద హీరో స్లో మోషన్‌లో నడిచి వస్తుంటే నాలుగుసార్లు చూసి, "పేడపురుగు నడక. ఎనకాల ఉండ లేదు గని నూకుతనే ఉన్నడు" అన్నారు. ఇంకొకాయనది మిడత. దూకేదాకా కదలడు. నాది ఏమిటని అడిగితే చెప్పలేదు. చాలా రోజులు బతిమాలితే, "గండుచీమ. ఏడికి పోతున్నవో తెల్వదు గని ఉరుకుతవ్" అన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు నేను. నాకు కోపం తొందరగా వస్తుంది, పోవడానికి టైము పడుతుంది.

మెడలో బూటు లేసుకు కట్టిన ఒక దళసరి గాజు బిళ్ల ఉండేది. మూతపడిన ఏదో థియేటర్ ప్రొజెక్టర్‌లోంచి వచ్చిన లెన్సు అది. టీకి బయటికి వెళ్తే మేమంతా రోడ్డు మీద పోయే కార్లు చూసేవాళ్లం. ఏ కారులో ఎవరున్నారో మాలో కొందరికి అద్దాల రంగును బట్టి తెలిసేది. ఆయన కానుగ చెట్టు బెరడు మీదికి ఒంగి, కంటికి ఆ బిళ్ల ఆనించుకుని ఉండేవారు. టీ చల్లారిపోయేది. చల్లారిన టీ తాగి, "ఈ చీమలు పోయిన వారం గీ రంధ్రంలకెల్లి పోతుండె, ఇప్పుడు దారి మార్చినయి" అనేవారు, ఎవరో బంధువులు ఇల్లు మారినట్టు. ఆయన ఎదురుగా లేనప్పుడు అందరూ పురుగుల సార్ అనేవాళ్లు. ఎదురుగా ఉన్నప్పుడు కూడా అనేవాళ్లు. పట్టించుకునేవారు కాదు.

ఒకసారి మా రికార్డింగ్ గది గోడకు కేబుల్ పోయే రంధ్రంలో కందిరీగ ఒకటి మట్టి తెచ్చి గూడు కట్టింది. మా యజమాని చీపురు తెప్పించాడు. ఈయన ఆ రంధ్రం పక్కన కాగితం అంటించారు: "చేయి పెట్టవద్దు. లోపల పిల్లలున్నవి." కేబుల్‌ను కిటికీలోంచి తిప్పించారు. కిటికీ మూయడం కుదరక ఏసీ చల్లదనమంతా బయటికి పోయింది. ఆ మూడు వారాలూ యజమాని ఉమ్మెత్తకాయ తిన్నవాడిలా తిరిగాడు. గూటికి చిల్లు పడి కందిరీగలు ఎగిరిపోయిన రోజున ఆయన కాగితం తీసేసి, ఆ గూడును చాకుతో జాగ్రత్తగా గీకి, కేబుల్‌ను పాత దారిలోకి ఎక్కించి, ఆ రోజు చేయాల్సిన అడుగులు చేశారు. దాని గురించి ఎవరితోనూ ఒక్క మాట అనలేదు.

దర్శకులకు ఆయన వల్ల ఒకటే ఇబ్బంది. పల్లెటూరి సీను రాగానే మేమందరం కళ్లు మూసుకుని ఒక కోయిల, రెండు కీచురాళ్లు వేసేస్తాం. ఆయన లేచి అడిగేవారు.

"ఏ నెల సార్ ఇది?"

"నెలేంటండీ, పొద్దున్న సీను."

"పొద్దున్ననే సార్. ఏ నెల పొద్దున్న?"

దర్శకుడు రైటర్ వైపు చూసేవాడు. రైటర్ కెమెరామన్‌కు ఫోన్ చేసేవాడు. చివరికి ఎవరో, "సంక్రాంతి అయ్యాక తీశాం కదా, అప్పుడే అనుకోండి" అనేవారు. "గట్లయితే కోయిల ఇంకా గొంతు ఇప్పలే" అని ఆయన నా వెనక నిలబడి దాన్ని తీయించేవారు. నాకు ఒళ్లు మండేది. ప్రేక్షకుల్లో ఎవడికి తెలుస్తుంది అనేదాన్ని. "కోయిలకు తెలుస్తది" అనేవారు.

ఆ పక్షుల, పురుగుల చప్పుళ్లన్నీ ఆయన సొంతంగా తెచ్చినవే. ఏటా హోలీ అయిన తర్వాత వచ్చే ఆదివారం ఆయన మంజీర ఒడ్డుకు వెళ్లేవారు. నది అప్పటికి సన్నబడి, మధ్యలో గులకరాళ్ల దిబ్బలు తేలి ఉంటాయి. రికార్డరు ఒక టిఫిన్ క్యారియర్ సంచీలో, మైకు తువ్వాలులో. మేమైతే మైకు చేత్తో పట్టుకుని నిలబడతాం. ఆయన రాళ్ల మధ్య మైకు పెట్టి, ఆన్ చేసి, ఈ రోజు ఏమిటి, ఏ చోటు, గాలి ఎటు నుంచి, చుట్టూ ఏమేం కనపడుతున్నాయి అన్నీ దానికి చెప్పి, హవాయి చెప్పులు టపటపమని నడుచుకుంటూ దూరంగా పోయి కూర్చునేవారు. గంట తర్వాత తిరిగొచ్చి, ఏం పడి ఉంటుందో, ఏం చెడిపోయిందో చెప్పి ఆపేవారు.

"మనమున్నంతసేపు అవి మన గురించే అరుస్తయి. మనం పోయినంక అసలుది మొదలైతది."

ఈ మాట ఆయన నోట నేను యాభైసార్లు విని ఉంటాను.

నన్ను కూడా తీసుకెళ్లమని రెండేళ్లు వెంటపడ్డాను. మూడో ఏడు సరేనన్నారు. "ఆరు గంటలకు ఎర్రగడ్డ బస్టాపు కాడ ఉండు. సెంటు కొట్టుకోకు." మా అమ్మ ఏలూరు నుంచి వచ్చి అప్పుడు నాతోనే ఉంది. "ఈస్టర్ ముందు శ్రమల దినాల్లో, అదీ ఆదివారం చర్చి మానేసి పురుగుల్ని చూడ్డానికి వెళ్తావంటే, దేవుడు నిన్ను చూస్తున్నాడనుకుంటున్నావా, లేదనుకుంటున్నావా?" అంది. పురుగుల్ని చేసింది కూడా ఆయనే కదా అని బయటపడ్డాను.

సంగారెడ్డి బస్సు, అక్కడి నుంచి ఆటో, తర్వాత పొలం గట్ల మీద నడక. ఒడ్డుకు చేరాక నాకు నీళ్లు, రాళ్లు, నాలుగు బర్రెలు కనపడ్డాయి. అంతేనా అన్నట్టు చూశాను. "కూసో" అన్నారు. గొంతుక్కూర్చున్నాను. "ఇప్పుడు సూడు."

ముందు ఇసుకలో చిన్న చిన్న గరాటుల్లాంటి గుంటలు కనపడ్డాయి. ఒకదాని అంచున చీమ తచ్చాడుతోంది. కాళ్ల కింద ఇసుక జారి అది లోపలికి దొర్లింది. అడుగు నుంచి ఎవరో గుప్పెడు ఇసుక విసిరినట్టయింది, చీమ లేదు. నేను ఉలిక్కిపడ్డాను. "లోపల కూసున్నది పురుగు. రోజంతా గట్లనే కూసుంటది, ఉరకది" అని నా వైపు చూశారు. అర్థమైంది గానీ అర్థం కానట్టు ఊరుకున్నాను. నీళ్ల అంచున ఎర్ర తూనీగ ఒకటి పుల్ల మీద వాలి, తోకను నిటారుగా ఆకాశంలోకి ఎత్తింది. ఎండ ఎక్కువైతే అలా నిలబడుతుందట, ఒంటికి తక్కువ ఎండ తగలడానికి. కాళ్లు తడవకుండా నీళ్ల మీద ఉరికే పురుగులు, రాలిన మోదుగ పువ్వులో తల దూర్చిన నల్లటి తుమ్మెద, ఒడ్డు మట్టిలో బొరియ తవ్వుతున్న పచ్చటి పిట్టలు, ముక్కుతో తూనీగను పట్టుకొచ్చి కొమ్మకేసి కొడుతున్న ఇంకో పచ్చ పిట్ట. దాన్ని కొట్టి కొట్టి మింగింది. వాటి పేర్లడిగితే ఆయన సగం చెప్పేవారు కాదు. "పేరుతోని ఏం పని, అది చేసే పని సూడు" అనేవారు. అవతలి ఒడ్డున దుంగ ఒకటి పడుందే అనుకున్నాను. అది నోరు తెరిచింది. మొసలి. గబగబా ఫోన్ తీసి ఫొటోలు తీస్తుంటే ఆయన విసుక్కున్నారు. "మొసలి అందరికి కనపడ్తది. నీ కాలు ముందటిది సూడు, తొక్కుతవ్."

నా కాలికి మూరెడు దూరంలో రాళ్ల మధ్య నాలుగు గుడ్లు. మట్టి రంగు మీద నల్ల మచ్చలు. రెండుసార్లు చూపిస్తే గానీ కనపడలేదు. గూడు అంటూ ఏమీ లేదు, నేల మీద చిన్న గుంట, అంతే. తలపైన రెండు తీతువులు తిరుగుతూ అరుస్తున్నాయి.

తీతువు అరిస్తే చావు కబురని మా నాయనమ్మ పడుకున్నదల్లా లేచి ప్రార్థన చేసేది. మన సినిమాల్లోనూ అంతే, ఎవరైనా పోబోయే ముందు ఆ కూత వేస్తాం. ఆ వారం నా చేతిలో ఉన్న సినిమాలో కూడా తండ్రి చనిపోయే సీను ఉంది. దర్శకుడికి చావు పిట్ట కావాలి, అది కూడా మంగళవారానికల్లా. అసలు నా తొందరంతా దాని కోసమే. ఆయనకు చెప్పలేదు.

"ఇది చావుకు అరుస్తలేదు. మన కాళ్లకు అరుస్తుంది" అన్నారాయన, నేను ఏదో అన్నట్టే. గుడ్లకు పది పన్నెండు అడుగుల దూరంలో మైకు పెట్టారు. ఏదో చెప్పుకున్నారు దానికి. నేను అప్పటికే తుమ్మచెట్టు నీడకు బయల్దేరాను, వినలేదు.

నీడలో కూర్చున్నాం. ఆయన చెట్టుకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. కాసేపటికి ఒక తీతువు దిగి, అటూ ఇటూ నడిచి, గుడ్ల మీద కూర్చుంది. ఇక అరుపు లేదు, ఏమీ లేదు. పావుగంట, అరగంట, నలభై నిమిషాలు. నది అవతల బర్రెను ఎవరో అదిలిస్తున్నారు. ఎండ చురుక్కుమంటోంది. ఇక్కడిదాకా వచ్చి నోరు మూసుకున్న పిట్టను రికార్డు చేసుకుని వెళ్లడం ఏమిటనిపించింది. ఆయన నిద్రపోయారనుకున్నాను. లేచి, చెప్పులు చేత్తో పట్టుకుని, దిబ్బ మీదికి నడిచాను.

పిట్ట లేచింది. రెండూ కలిసి ఆకాశం పగిలేలా అరిచాయి. ఒకటి నా జుట్టుకు తగిలేంత కిందికి దిగి పోయింది. అంత మంచి కూత నా చెవులతో నేను ఎప్పుడూ వినలేదు. అక్కడే నిలబడ్డాను. మైకు దగ్గరే ఉంది, పని అవుతోంది, నా మొహం వెలిగిపోయి ఉంటుంది.

వెనక నుంచి ఆయన పిలిచారు. కళ్లు మూసుకున్నారే గానీ నిద్రపోలేదు. సగం దూరం వచ్చి నిలబడి, "ఇవతలికి రా బిడ్డ. గుడ్ల మీద ఎండ పడ్తుంది" అన్నారు.

"రెండు నిమిషాలు సార్, బాగా అరుస్తోంది" అన్నాను.

"రా బిడ్డ."

వెళ్లాను గానీ, రెండు కాదు, ఐదు నిమిషాల తర్వాత వెళ్లాను. ఆయన నన్ను చెట్టు దగ్గరికి తీసుకెళ్లి, "అటు సూడు" అన్నారు. ఒక తీతువు గుడ్ల దగ్గరికి పోకుండా నీళ్లలోకి దిగింది. పొట్ట ముంచి, లేచి, మళ్లీ ముంచింది. తర్వాత నడుచుకుంటూ వచ్చి తడి పొట్టతో గుడ్ల మీద కూర్చుంది. "కాలినయి గద, సల్లగ చేస్తుంది" అన్నారు. నాకు చెంప మీద కొట్టినట్టయింది. పిల్లలు బతుకుతాయా సార్ అని అడగడానికి నోరు రాలేదు.

ఇంకో గంట కూర్చున్నాక, "నువ్వు పోయి ఆటోను ఆపు, నేను మైకు తెస్త" అన్నారు. వెళ్లిపోయాను. బస్సులో కిటికీ సీటు నాకిచ్చి, పల్లీల పొట్లం నా చేతిలో పెట్టి, ఎర్రగడ్డ దాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మామూలుగానే మాట్లాడరు. నేను మాత్రం అది కోపమనే అనుకున్నాను. నాకు కోపం వస్తే నేను అలాగే ఉంటాను కాబట్టి.

మర్నాడు మెమరీ కార్డులోంచి ఆ రికార్డింగును కంప్యూటర్‌లోకి ఎక్కించాను. "అది పనికిరాది, పక్కకు పెట్టు" అని ఆయన మా దగ్గరున్న పాతదొకటి తీయించారు. చావు సీనుకు అదే వేశాం. ఏ నెల అని మాత్రం ఆ రోజు అడగలేదు. కొత్తదాన్ని నేను వినకుండానే "పారెయ్" అని పేరు పెట్టిన ఫోల్డరులోకి తోసేశాను. అందులో పడ్డ నా మాట వినే ధైర్యం లేకపోయింది.

ఆ వేసవిలోనే అసలు తప్పు చేశాను. చేస్తున్నప్పుడు అది తప్పని తెలియదు, గొప్ప పని అనుకున్నాను. యజమాని డిస్కులు నిండిపోయాయన్నాడు. నేను పదిహేను రోజులు కూర్చుని ఆయన తెచ్చిన నదులు, అడవులు, చెరువు గట్లు అన్నీ సర్దాను. మా పనిలో రికార్డింగు ముందూ వెనకా మనిషి మాటలుంటే కోసేస్తాం, అది అలవాటు. మాటలు పోవాలి, చెప్పుల చప్పుడు పోవాలి, ప్లే చేయగానే పిట్ట అరవాలి. అలా ప్రతి దానికీ మొదట్లో ఆయన చెప్పే నాలుగు ముక్కలూ, వెళ్లిపోయే అడుగులూ, చివర తిరిగొచ్చే అడుగులూ, మళ్లీ నాలుగు ముక్కలూ కత్తిరించాను. అసలువి చెరిపేశాను. ఆయన తన కార్డునే చెరిపి మళ్లీ మళ్లీ వాడేవారు, ఇంట్లో ఏమీ ఉంచుకోలేదు. పని అయ్యాక పిలిచి చూపించాను. ఐదారు విని, "మంచిగ చేసినవ్. సాఫ్ ఉన్నది" అన్నారు. పొంగిపోయాను.

తర్వాతి ఏడు హోలీకి ముందు వచ్చి, "ఆదివారం ఖాళీనా?" అన్నారు. కోపం ఉన్నా మర్యాదకు అడుగుతున్నారనుకున్నాను. పనుంది సార్ అన్నాను. ఆ పై ఏడు మళ్లీ అడిగారు. చర్చి ఉందన్నాను. నేను చర్చికి వెళ్లి అప్పటికి ఆరు నెలలు. ఆ తర్వాత అడగలేదు. మోకాళ్లు అరిగాయి, గులకరాళ్ల మీద నడవలేనన్నారు. అడుగులు చేసే పని కూడా మానేశారు. ఈ చలికాలంలో ఒక పొద్దున గుండె ఆగి పోయారు. శవయాత్రకు మా స్టూడియో వాళ్లం ఆరుగురం వెళ్లాం. అక్కడ ఎవరికీ ఆయన ఏం పని చేసేవారో సరిగ్గా తెలియదు. "సినిమాలల్ల ఏదో" అనుకుంటున్నారు.

ఇప్పుడు ఆయన భార్య నా ముందు కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నారు. ఒక్కొక్కటే తెరుస్తున్నాను. మంజీర, పొద్దున. కొంగలు. ఇంకోటి, మంజీర, మధ్యాహ్నం. కీచురాళ్లు, గాలి. ఎక్కడైనా ఒక్క ముక్క మిగిలి ఉంటుందేమోనని. నా కత్తిరింపు అంత బాగుంది, ఒక్క దగ్గు కూడా మిగల్లేదు.

ఆమె స్పీకర్ల వైపు చూస్తూ, "ఇండ్ల ఆయన ఉన్నడా?" అన్నారు.

"ఉన్నారమ్మా. దూరంగా చెట్టు కింద కూర్చుని ఉన్నారు. మాట్లాడరు."

"ఇంట్ల గూడ గంతేనాయె" అన్నారు.

ఇక దాచలేక చెప్పేశాను. మాటలు ఉండేవని, పనికిరావనుకుని నేనే కోసేశానని. ఏడుపు వచ్చింది నాకు. ఆమెకు రాలేదు.

"ఆయన సూసిండా?"

"చూపించానమ్మా. బాగా చేశావన్నారు."

"అంటడు. కూరల ఉప్పు మరిచిపోతే గూడ మంచిగున్నదే అని తినిపోతుండె" అని సంచీ అందుకుని లేచారు. "పోనీతియ్ బిడ్డ. నీకు మాత్రం ఏం తెల్సు."

ఆమె లేచాక గుర్తొచ్చింది. ఒకటి కోయలేదు. కోయడానికి కూడా పనికిరాదని వదిలేసినది. పారెయ్ అని పేరు పెట్టానే గానీ ఆ ఫోల్డరు పారేసే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. "ఒక్క నిమిషం కూర్చోండమ్మా" అని వెతికాను. ఉంది. తెరిచాను.

గాలి. పైన తీతువుల అరుపు. రాళ్ల మధ్య ఏదో సర్దుతున్న చప్పుడు. తర్వాత ఆయన.

"హోలీ అయిన ఆదివారం. మంజీర. పొద్దుగాల తొమ్మిది. గాలి పడమటికెల్లి. తీతువులు రెండు, గుడ్లు నాలుగు. తూనీగలు శాన ఉన్నయి గని మైకుల వడయి. పిల్ల ఎంబడి వచ్చింది. పోతున్నం."

చెప్పులు టపటపమంటూ దూరమయ్యాయి, అరుపులూ ఆగాయి. ఆమె కూరగాయల సంచీ ఒళ్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నారు. నేను ముందుకు జరపబోతే చెయ్యి అడ్డం పెట్టారు. అలాగే కూర్చుని నలభై నిమిషాల నదిని విన్నాం. తర్వాత నా అడుగులు, తీతువుల అరుపులు. దూరం నుంచి ఆయన పిలుపు, నా "రెండు నిమిషాలు సార్". ఆమె నా వైపు చూడలేదు. నేను తల ఎత్తలేదు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చివరికి ఒక్క మనిషి అడుగులు దగ్గరికొచ్చాయి. ఒంగుతున్నప్పుడు మోకాళ్లు పట్టేస్తే వచ్చే మూలుగు. మళ్లీ ఆయన.

"ఇది పనికిరాది. పిల్ల మాట వడ్డది. పిట్ట మళ్ల గుడ్ల మీద కూసున్నది, ఫికర్ లేదు, పిల్లలైతయి. పిల్లకు చెవులు మంచిగున్నయి. ఓపిక లేదు, అది వస్తది. వచ్చే హోలీకి మళ్ల తోల్కరావాలె."

ఆగిపోయింది.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని అడిగారు.

"ఎవలా పిల్ల?"

"నేనేనమ్మా."

"మరి పోయినవా మళ్ల?"

"లేదమ్మా. అడిగారు. రెండేళ్లు అడిగారు. పనుందన్నాను."

"పనుండెనా?"

"లేదు."

ఆమె సంచీ ఒళ్లోంచి దించి కింద పెట్టారు. తర్వాత, "మళ్ల మొదటికెల్లి పెట్టు" అన్నారు.

మొదటి నుంచి పెట్టాను. ఆదివారం, మంజీర, తీతువులు రెండు. ఈసారి ఆమె కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నారు. నా అడుగులు వచ్చాయి, పిట్టలు లేచాయి. ఆయన "ఇవతలికి రా బిడ్డ" అని పిలవగానే ఆమె నా మోచేతి మీద చెయ్యి వేశారు.

"పిలుస్తుండు గద బిడ్డ," అన్నారు, "పోరాదా."